ఆ ఒక్క పాయింటు

రాత్రి పదకొండున్నర. లైటు తీయమని రూమ్మేట్ రెండుసార్లు గొణిగి అటు తిరిగి పడుకుంది. రేపు పొద్దున ఫార్మకాలజీ ఇంటర్నల్. చదవాల్సింది అది. నేనేమో శనివారం ఇక్కడ చైనాలో, ఇచాంగ్ అనే ఊళ్ళో ఆడిన టేబుల్ టెన్నిస్ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

అంతా ఆ జూనియర్ గాడి వల్ల. సాయంత్రం క్యాంటీన్‌లో నేను, ఓడిన గేమ్‌లో నాకొచ్చిన ఒక్క పాయింటు గురించి గొప్పలు చెప్పుకుంటుంటే, వాడు నూడుల్స్ జుర్రుకుంటూ, "11-1 ఆ అక్కా? ఇక్కడ 10-0 అయితే ఒక పాయింటు వదిలేస్తారు. ఎదుటివాళ్ళని సున్నాతో పంపడం మర్యాద కాదని" అన్నాడు. రూలేం కాదట, అలవాటట, పెద్ద టోర్నీల్లో ఈమధ్య అంతగా పట్టించుకోవట్లేదట. అన్నీ చెప్పి ఇంకాస్త వెనిగర్ పోసుకుని తిన్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఎందుకంటే ఆ ఒక్క పాయింటు గురించి నేను ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. వాట్సాప్ కనెక్ట్ అయిన పది నిమిషాల్లో అమ్మతో తిన్నావా పడుకున్నావా కూడా మాట్లాడకుండా నాన్నకి ఇదే చెప్పాను. నాన్న సంగతి తెలుసుగా. పావుగంటలో ఫ్యామిలీ గ్రూప్‌లో "చైనా వాళ్ళ మీద మా అమ్మాయి పాయింటు" అని పెట్టేశారు. బాబాయి మూడు చప్పట్ల బొమ్మలు, పెద్దత్త దండం బొమ్మ (ఆవిడ అన్నిటికీ దండమే).

అసలు ఇచాంగ్ వెళ్ళింది పండక్కి. చైనా చాంద్రమాన పంచాంగంలో ఐదో నెల ఐదో రోజు, డువాన్‌వు. మూడు రోజులు సెలవు, లైబ్రరీ అమ్మాయి వాళ్ళింటికి రమ్మని నెల నుంచి పోరు. వుహాన్ నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకు. తలుపు దగ్గరే ఆగిపోయాను. గుమ్మానికి అటూ ఇటూ ఆకుల కట్టలు వేలాడుతున్నాయి, ఆ వాసన నాకు తెలుసు, ఎక్కడిదో గుర్తు రావట్లేదు. చెప్పులు విప్పుతుంటే తట్టింది, మాచిపత్రి! వినాయక చవితికి మొట్టమొదట వేసే పత్రి. వీళ్ళది అదే జాతి మొక్క, ఈ పండక్కి గుమ్మానికి కడతారట. మనకి మామిడి తోరణంలాగా. సముద్రాలు దాటి వచ్చి ఒకరి గుమ్మంలో నిలబడి మాచిపత్రి వాసన చూడటం... సరే, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఆయీ (వాళ్ళమ్మ, అందరూ ఆంటీని అలాగే అంటారు) జోంగ్‌జ చేసి పెట్టారు. జిగురు బియ్యం, మధ్యలో ఒక ఎర్ర ఖర్జూరం, ఆకులో చుట్టి దారంతో కట్టి ఉడికించి, పంచదారలో అద్దుకుని తినడం. పనసాకు పొట్టిక్కలు తిన్న నోటికి ఇదేం కొత్త కాదు, పంచదార తప్ప. నేను పంది తిననని కూతురు చెప్పిందేమో, తామర దుంపల పులుసు పక్కటెముకలు వేయకుండా నాకోసం వేరే కుండలో కాశారు. ఆ ఊళ్ళో అది ఎముకలతోనే చేస్తారు, అవి లేకపోతే అది పులుసే కాదని లైబ్రరీ అమ్మాయి తర్వాత చెప్పింది. అంటే ఆయీ తన దృష్టిలో పులుసే కాని ఒక పులుసుని మూడు గంటలు పొయ్యి మీద పెట్టారన్నమాట.

ఇంకో గొడవ. కంచంలో మెతుకు మిగల్చకూడదని మన పెంపకం. వాళ్ళింట్లో గిన్నె ఖాళీ అయిందంటే ఇంకా ఆకలేస్తోందని అర్థం. నేను ఖాళీ చేయడం, ఆయీ చాప్‌స్టిక్స్‌తో చేప ముక్క తెచ్చి వేయడం, నేను మళ్ళీ ఖాళీ చేయడం. కడుపు నిండిందని చైనీస్‌లో నాలుగుసార్లు చెప్పాను. వినపడనట్టే ఉన్నారు. ఇది నాకు తెలిసిన ఆటే, మా అమ్మమ్మ దీంట్లో ప్రపంచ ఛాంపియన్.

తర్వాత ఆట. అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీలో సిమెంటు బల్లలు రెండు. పక్కన స్పీకర్ పెట్టుకుని ఆడవాళ్ళ డ్యాన్స్. షూషు (వాళ్ళ నాన్న) పెన్ను పట్టుకున్నట్టు పట్టుకున్నారు బ్యాట్‌ని, పాతకాలం పద్ధతి. ఆయన 21 పాయింట్ల కాలం మనిషి, 2001లో 11కి తగ్గించారని ఇప్పటికీ బాధే. ఒలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్ మొదలుపెట్టిన 1988లోనే మహిళల సింగిల్స్ బంగారు పతకం తెచ్చిన చెన్ జింగ్ తమ హుబెయ్ రాష్ట్రం అమ్మాయేనని, అక్కడే మా వుహాన్‌లో పుట్టిందని నాకు రెండుసార్లు చెప్పారు. నేను ఊరుకుంటానా? ఇంటిపేరులోనే మా గోదావరి ఊరున్న ఆచంట శరత్ కమల్ టోక్యో ఒలింపిక్స్‌లో చైనా ఛాంపియన్ మా లోంగ్ మీద ఒక గేమ్ గెలిచాడని చెప్పాను. షూషు తల ఊపి, "నాకు గుర్తుంది" అన్నారు. ఆ గేమ్ 11-8. అది ఎవరూ మర్యాదకి ఇచ్చింది కాదు, ఆ మాట గట్టిగా చెప్పగలను.

నాదే తేలట్లేదు.

వరసగా ఐదు గేములు ఓడాను. ఒకదాంట్లో బంతి ఎత్తుగా లేచింది, కళ్ళు మూసుకుని బాదాను, అది బల్ల అంచుకి కాస్త ఇవతల పడి వెళ్ళిపోయింది. షూషు దాన్ని చూస్తూ నిలబడి "హావ్ ఛ్యో" అన్నారు. మంచి బంతి అని. నేను గంతులేశాను. డ్యాన్స్ చేస్తున్న ఆవిడ ఒకామె చప్పట్లు కొట్టింది కూడా. ఇప్పుడు ఆలోచిస్తే, అంత ఎత్తుగా ఎందుకు లేచింది? నలభై ఏళ్ళుగా ఆడుతున్న మనిషికి?

కోపం వచ్చింది నిజంగానే. చిన్నపిల్లకి చాక్లెట్ ఇచ్చినట్టు. పైగా ఈ పని మేం చేసిందే కాబట్టి ఇంకా మండుతోంది. పెద్దబావగారు కొత్త అల్లుడిగా మొదటి సంక్రాంతికి వచ్చినప్పుడు స్కూలు గ్రౌండులో బాల్ బ్యాడ్మింటన్ పెట్టారు గుర్తుందా, ఆ పసుపు ఊలు బంతి ఆట. బాబాయి ముందు రోజు రాత్రే జట్టందరికీ చెప్పి ఉంచాడు, అల్లుడుగారు ఓడకూడదని. ఐదుగురూ కలిసి బంతి వదిలేయడానికి పడిన పాట్లు చూడాలి, తాతయ్య అయితే వంగి లుంగీ సర్దుకుంటూ ఒక గేమ్ పోగొట్టాడు. గోదావరి వాళ్ళని వాళ్ళ గ్రౌండులోనే కొట్టానని పెద్దబావగారు ఇప్పటికీ చెబుతారు. ఆయన చెప్పిన ప్రతిసారీ మేం వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంటాం. పన్నెండేళ్ళుగా.

అంటే ఇచాంగ్‌లో ఇప్పుడు ఒక వంటింట్లో...

లేదు, ఆయీ అలా నవ్వే మనిషి కాదు. అదీకాక మనవాళ్ళు మొత్తం ఆటే ఇచ్చేసి మనిషిని పన్నెండేళ్ళు మోసం చేశారు. షూషు నన్ను ఐదుసార్లు శుభ్రంగా ఓడించారు, ఒక్క పాయింటే వదిలారు, అదీ వదిలితే. ఎముకలు తీసేసిన పులుసు గుటకలు వేసి తాగి మురిసిపోయాను కదా, పాయింటు దగ్గర ఈ పౌరుషం ఎందుకో. ఇలా రాస్తుంటే కోపం తగ్గింది. పెద్దబావగారి మీద జాలి పెరిగింది.

ఇంతలో ఇంకోటి గుర్తొచ్చింది, దీంతో నిద్ర పూర్తిగా పోయింది. స్కోరు చెప్పింది ఆయీ. నాకు వినపడింది "సి బి లింగ్" అని. లింగ్ అంటే సున్నా, పది అంటే షి, నాలుగు అంటే సి. పుస్తకంలో. కానీ ఇచాంగ్ వాళ్ళ నోట్లో ష పలకదు, రెండూ సి నే, తేడా అంతా స్వరంలో ఉంటుంది, స్వరాలు నాకు మూడేళ్ళుగా రావు. కాబట్టి అది 10-0 కావచ్చు, 4-0 కావచ్చు. నాలుగైతే ఆ పాయింటు నాదే! దాని తర్వాత ఇంకా ఎన్ని బంతులు ఆడామో గుర్తు తెచ్చుకుందామంటే నా గంతులు తప్ప ఏమీ గుర్తు రావట్లేదు.

లైబ్రరీ అమ్మాయికి వీచాట్‌లో "ఆ పాయింటప్పుడు స్కోరెంత?" అని టైప్ చేశాను. మళ్ళీ చెరిపేశాను. పదైనా సరే అది నాలుగనే చెబుతుంది. వాళ్ళమ్మ కూతురేగా.