కింద పడకురా అని అరిచేవాణ్ణి

కెనడాలోని విన్నిపెగ్‌లో శనివారం పొద్దున్నే ఆరున్నరకి రింకులో నిలబడితే రెండు జతల సాక్సులు వేసుకున్నా కాళ్లు కొయ్యబారిపోతాయి. మావాడు ఐస్ హాకీలో గోలీ, అంటే గోల్ కీపర్. పదేళ్లు. (మా అమ్మకి ఫోన్‌లో చెబితే, గోళీలాటకి అన్ని ప్యాడ్లెందుకురా అంది.) వాడు ఆడటం మొదలుపెట్టిన కొత్తలో నేను అద్దం ఇవతల నిలబడి చేసిన పని ఒక్కటే, "పడకురా, లే లే" అని గొంతు చించుకోవడం. అవతలివాడు కర్ర ఎత్తితే చాలు, వీడు టక్కున మోకాళ్ల మీద కూలబడేవాడు. నాకేమో వీడు ముందే దణ్ణం పెట్టేసినట్టు అనిపించేది.

ఒకరోజు వాళ్ల కోచ్ నన్ను పక్కకి పిలిచి, మీరు అరిచేది సగమే తప్పు అన్నాడు. కింద పడటం తప్పు కాదు, ముందే పడటం తప్పట.

నెట్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మోకాళ్లు దగ్గరికి చేర్చి పిక్కల్ని రెండు పక్కలకీ పరిస్తే ప్యాడ్లు అడ్డంగా వాలి మంచు మీద చిన్న గోడ కట్టినట్టవుతుంది, దీన్నే బటర్‌ఫ్లై అంటారు. గుంపులో ఎవడి స్కేటుకో తగిలి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దారి మారితే చూసి ఆపే టైమ్ ఉండదు, కాబట్టి కింద మూసేసి, మిగతాది వచ్చి ఒంటికి తగిలేలా నిలవాలి. మోకాళ్ల మధ్య సందు పేరు ఫైవ్ హోల్, అక్కడ కర్ర అడ్డం పెట్టాలి. మావాడు కర్ర మర్చిపోతాడు. అంతే సంగతులు.

అసలు ఒకప్పుడు కింద పడటమే నేరం. 1917లో ఇక్కడి పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ మొదలైనప్పుడు గోలీ నిలబడే ఆపాలని రూలు. ఒటావా గోలీ క్లింట్ బెనెడిక్ట్ జారిపడ్డట్టు నటిస్తూ మాటిమాటికీ మోకాళ్ల మీద పడేవాడు, ప్రార్థన చేస్తున్నాడని జనం వెక్కిరించేవాళ్లు, చివరికి 1918 జనవరిలో రూలే మార్చేశారు. అయినా చాలామంది నిలబడే ఆడారు. మాస్కులు లేని రోజులు మరి, ఎవడి మొహం వాడికి ముద్దు. జాక్ ప్లాంట్ అనే గోలీ 1959లో మొహానికి పక్ తగిలి, కుట్లు వేయించుకుని, మాస్క్ పెట్టుకుని మళ్లీ ఆటలోకొచ్చాకే ఆ పద్ధతి మెల్లగా మారింది. గ్లెన్ హాల్ అని ఇంకో మహానుభావుడు, మాస్క్ లేకుండానే మోకాళ్ల మీదకి దిగుతూ వరసగా 502 మ్యాచ్‌లు ఆడాడు. మ్యాచ్ ముందు టెన్షన్‌తో వాంతి చేసుకునేవాడట. ఎందుకు చేసుకోడు!

తర్వాత పాట్రిక్ రువా. 1986లో ఇరవయ్యేళ్ల వయసులో మాంట్రియల్‌కి ఎన్‌హెచ్ఎల్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ గెలిపించాడు, ఇక క్యుబెక్‌లో గోలీ పిల్లలంతా వాడిలా మోకాళ్ల మీదే.

నాకు మాత్రం చెక్ గోలీ డొమినిక్ హషెక్ అంటే పిచ్చి. 1998 నాగానో ఒలింపిక్స్ సెమీస్ షూటౌట్‌లో కెనడావాళ్లు ఐదుగురు వస్తే ఐదుగుర్నీ ఆపాడు. వెల్లకిలా దొర్లేవాడు, కర్ర వదిలేసి ఆ చేత్తోనే పక్ పట్టేసేవాడు. ఇంత మర్యాద లేని ఆట నేర్పమని అడిగితే మావాడి కోచ్ నవ్వేశాడు. ఈమధ్య అందరూ చేసే ఆర్‌వీహెచ్ అనే పద్ధతి ఒకటుంది, పక్ గోల్ లైన్ దగ్గరుంటే గోలీ ఒక ప్యాడ్ మంచు మీద పరిచి పోస్టుకి ఆనుకుంటాడు. పక్ దూరంగా ఉన్నప్పుడు కూడా అలా వాలిపోతే, భుజం మీదుగా పిడికెడు ఖాళీ చూసి కొట్టేస్తున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

గుంటూరులో నేను టెన్నిస్ బాల్ క్రికెట్‌కి కీపర్‌ని. బంతి పిచ్ అయ్యేదాకా లేవకురా అని సీనియర్లు తిట్టేవాళ్లు. ఇక్కడ దానికి తిరగేసి, పక్ కర్ర వదిలేదాకా పడకూడదు. అందుకే ఇప్పుడు "ఆగు, ఆగూ" అని అరుస్తున్నా. పోయిన వారం వాడు నిజంగానే ఆగాడు, ఆగి, ఆగి, పక్ లోపలికి వెళ్లాక దిగాడు. కారులో చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, నాన్నా, వచ్చే శనివారం అమ్మని రమ్మను అన్నాడు.