అమీర్‌పేటలో దిగకుండా

నాలుగేళ్ల అనుబంధాన్ని తెంచుకుని ఈ ఆదివారానికి మూడు నెలలు నిండాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే ఎర్ర లైనులో నేను, రాయదుర్గం నుంచి నాగోలు వెళ్లే నీలం లైనులో అతను ప్రయాణించి, ఆ రెండూ కలిసే అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ముందు దిగినవాళ్లు రెండోవారి కోసం ఎదురుచూడటం మా సాయంత్రాల అలవాటు. విడిపోదామన్న మాట కూడా అక్కడే, ఎస్కలేటర్ పక్కన నిలబడి, నేనే అన్నాను. గొడవేమీ జరగలేదు, పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడల్లా "వచ్చే ఏడు చూద్దాం" అనే జవాబు మూడోసారి విన్నాక నాకిక అడగాలనిపించలేదు.

నిర్ణయం నీదే కదా, మరి ఏడుపెందుకని స్నేహితులు అడిగారు. వద్దనుకున్నవారికి దుఃఖించే హక్కు ఉండదని లోకం ఎందుకు అనుకుంటుందో నాకు అర్థం కాదు. మొదటి నెలంతా ఆ స్టేషన్‌ను తప్పించుకోవడానికి రెండు బస్సులు మారి ఆఫీసుకు వెళ్లాను. ఫోన్‌లోంచి అతని నంబరు తీసేశాను గానీ, పది అంకెలూ నోటికి వచ్చినప్పుడు తీసేసి ఏం లాభం?

అమ్మకు నేనేమీ చెప్పలేదు. అయినా తాను పంపిన గోంగూర పచ్చడి సీసా మూత కూడా తీయలేదని మాటల్లో తెలియగానే, మర్నాడే బస్సెక్కి వచ్చి, కారణం అడగకుండా వేడన్నంలో నెయ్యి వేసి కలిపి ముద్దలు పెట్టింది. చాలా రోజుల తరువాత ఆ రాత్రి నిద్ర పట్టింది.

నిన్న మళ్లీ మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో తలుపులు తెరుచుకోగానే అలవాటుగా లేవబోయి, తిరిగి కూర్చున్నాను.