మూడో తొట్టి వల

"రోగం నీళ్ళలో లేదు, నీ చేతిలో ఉంది" అన్నాడు మా మిస్రీ ముదీర్, అంటే ఈజిప్టు మేనేజరు. ఆయన అరబ్బీలో అంటే, పక్కనున్న మలయాళీ దాన్ని నాకు హిందీలో చెప్పాడు. ఒకే తిట్టు రెండుసార్లు తిన్నట్టయింది. కువైట్ వచ్చి పద్నాలుగేళ్ళు, ఎవరితోనూ మాట పడింది లేదు.

కువైట్ దక్షిణాన వఫ్రాలో మా తోటలో జిలేబీ (తిలాపియా) చేపల తొట్లున్నాయి. సిమెంటువి. బోరు నీళ్ళు ముందు చేపలకు, ఆ తర్వాత పైరుకు. ఒకరోజు పొద్దున్నే మూడో తొట్టిలో నాలుగు చేపలు చచ్చి తేలాయి. చేతివలతో తీసి పారేసి, అదే వలతో, బ్లీచింగ్ నీళ్ళలో ముంచకుండానే, నాలుగో తొట్టిలో నాచు తీశాను. నేను చేసింది అంతే. వారం తిరక్కముందే నాలుగో తొట్టిలో చేపలు బొంగరాల్లా తిరగడం మొదలుపెట్టాయి. ఒకదాన్ని పట్టి చూస్తే కనుగుడ్డు తెల్లగా మసకబారి బయటికి పొడుచుకొచ్చింది, మొప్ప మూత దగ్గర రక్తపు చారలు. ల్యాబ్‌లో చూసి స్ట్రెప్టోకాకస్ అన్నారు. 2001 ఆగస్టులో కువైట్ సముద్రంలో మైద్ అనే రకం చేపలు 2,500 టన్నులకు పైగా చచ్చింది ఈ జాతి బాక్టీరియాతోనే.

ఆ రాత్రి మంచం మీద పడుకుని ముదీర్‌తో నాలో నేనే వాదించుకున్నాను. మా పోరుమామిళ్ళ చెరువుకు 1369 నాటి శాసనం ఉంది సామీ, అన్నేండ్లలో అక్కడ ఏ వలను బ్లీచింగ్ నీళ్ళలో ముంచారు? అయినా ఈ బాక్టీరియా ఒంట్లో ఉండి కూడా పైకి బాగా కనిపించే చేపలుంటాయి. రెండు నెలల కింద బయట నుంచి తెచ్చిన పిల్లల్ని వేరే తొట్టిలో పెట్టకుండా నేరుగా కలిపేసిందెవరు? రోగం తెచ్చింది నా చేతివలేనని సాక్ష్యమేంది?

అయితే చెరువులో చేప ఒకదానికొకటి ఎడంగా తిరుగుతుంది. ఇక్కడ అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ బతకాలి. పొలుసు లేచిన చోటల్లా బాక్టీరియాకు వాకిలే. నీళ్ళ వేడి ముప్పై డిగ్రీలు దాటితే ఈ బాక్టీరియా రెచ్చిపోతుంది, నీళ్ళలో ఆక్సిజన్ చూస్తే తగ్గిపోతుంది. పైగా చచ్చినదాన్ని మిగతావి పొడుచుకు తింటాయి. అందుకే చచ్చినవాటిని పొద్దునా సాయంత్రం తీసి సున్నం వేసి పూడ్చాలట.

వల సంగతి సరే, మేత సంగతి నేను ముదీర్‌కు చెప్పలేదు. కొలిచి ఇచ్చినదానికి రోజూ ఒక గుప్పెడు ఎక్కువే వేసేవాణ్ణి. "చాలు" అన్నాక కూడా ఇంకో సంగటి ముద్ద పెట్టే ఇంట్లో పుట్టిన చెయ్యి ఇది, ఊరుకోదు. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది, దాంతో చేప నీరసిస్తుంది. రోగం వచ్చిన తొట్లకు ముదీర్ మేత సగానికి తగ్గించాడు, చావులు తగ్గాయి. లంఖణం పరమౌషధమని మా జేజి అనేది, అది చేపలకు కూడానని నాకేం తెలుసు! మందు కలిపిన మేతతోనూ చిక్కే. జబ్బు చేసిన చేప నోరు తెరవదు, ఆ మందంతా తినగలిగేవే తింటాయి.

ఊళ్ళో కుంట గుత్తకు తీసుకున్న మా బావకు ఫోన్ చేసి, వలలు వేరువేరుగా పెట్టుకో, వాడినాక కడిగి ఎండబెట్టు అని చెప్పాను. "కువైట్ పోయి చేపలకు మడి నేర్చుకొచ్చినావా?" అని ఒకటే నవ్వు. ఆ మాట నన్ను నొప్పించింది. మా జేజి మడి బట్ట తగిలితే అరిచే అరుపులకు నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఇప్పుడు ఒక్కో తొట్టికి ఒక్కో వల. మూడోదానికి ఎర్ర దారం కట్టాను. మొన్న కొత్తగా చేరిన బంగ్లాదేశ్ పిల్లోడు ఆ ఎర్ర దారం వలను నాలుగో తొట్టిలోకి దించబోతుంటే గట్టిగా అరిచాను. అరిచాకగానీ తెలీలేదు, తెలుగులో అరిచానని. మలయాళీ దాన్ని హిందీలో చెప్పబోతుంటే వద్దన్నాను. పిల్లోడు అప్పటికే వల వెనక్కి తీసుకున్నాడు.