ఆ అక్క మగ్గం

లావోస్‌లో లువాంగ్ ప్రబాంగ్ పక్కనే బాన్ ఫానోమ్ అనే నేత ఊరు ఉంది. అక్కడ ఒక అక్క నేస్తుంటే చూసినప్పటి నుంచి మనసు అక్కడే ఉండిపోయింది.

మన గుంట మగ్గం లాంటిది కాదు, నేల మీద నిలబెట్టిన చెక్క చట్రం. డిజైన్ కాగితం మీద ఎక్కడా లేదు. మగ్గం పొడవునా సాగే పడుగు పోగులకు కట్టి నిలువుగా వేలాడదీసిన దారాల్లోనే ఉంది. ఒక్కో వరసకు ఒక్కో పుల్ల. దాన్ని బట్టి పోగులు లేపి, రంగు దారాన్ని వేళ్లతోనే దూర్చి, పుల్లను పై నుంచి కిందికి మారుస్తుంది. అన్నీ కిందికి వచ్చాక అదే వరసలో వెనక్కి నేస్తే రెండో సగం అద్దంలో చూసినట్టు వస్తుంది! ఎంత బుర్ర ఉండాలండీ దీనికి.

తిండిగింజలు పొలం నుంచి వస్తాయట. పిల్లల చదువు, మందులు, కరెంటు బిల్లు అన్నీ ఈ మగ్గం మీదే. నాట్లు, కోతల రోజుల్లో మగ్గం ఆగుతుంది, ఆ నెల చేతిలో డబ్బు ఆడదు.

లావో నేతలోని నాగ డిజైన్లకు 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చాలా సంతోషం. కానీ ఆమె కళ్ల ముందే ఒకాయన సగం ధరకు బేరమాడుతుంటే నాకు ప్రాణం చివుక్కుమంది. బజార్లో మిషన్ బట్ట చవగ్గా దొరుకుతుంది, దానితో పోల్చి అడుగుతున్నాడు.

అటు వెళ్లేవాళ్లు దయచేసి నేసినవాళ్ల దగ్గరే కొనండి, చెప్పిన ధర ఇచ్చి.