ఇంధన చట్టాల పట్టిక: ఈ విడత పని ఎంతవరకు వచ్చింది

ఈ విడత పట్టికలో కొత్త వరుసలు పెద్దగా చేరలేదు. ఉన్న వరుసలే పొడుగు సాగాయి. బొగ్గు మీంచి ఎండ, గాలి వైపు దేశాలు ఎలా మళ్లుతున్నాయో వార్తల్లో కాకుండా అసలు గెజిట్లలో, తీర్పుల్లో చదివి స్ప్రెడ్‌షీట్‌కి ఎక్కించడం నా సరదా. నేను వకీలును కాను. ఇది సలహా కోసం వాడే పట్టికా కాదు.

ముఖ్యమైన మార్పు ఒకటి: ‘స్థితి’ అనే గడిని తీసేశాను. ‘అమల్లో ఉంది’, ‘రద్దయింది’ అన్న రెండు మాటల్లో ఇమిడే చట్టం ఈ రంగంలో అరుదు. ఇప్పుడు ప్రతి చట్టానికీ విడిగా ఒక షీటు ఉంది. అందులో తేదీ, ఏం జరిగింది, ఎవరు చేశారు, ఏ పేజీలో ఉంది అన్నవే గళ్లు.

దీన్ని అమెరికా క్లీన్ పవర్ ప్లాన్ మీద పరీక్షించాను. కరెంటు కేంద్రాల కర్బన ఉద్గారాలను తగ్గించడానికి తెచ్చిన నిబంధన అది. పర్యావరణ సంస్థ ఈపీఏ 2015 ఆగస్టులో దాన్ని ఖరారు చేసింది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2019లో తర్వాతి ప్రభుత్వం దాన్ని ఎత్తేసి ఇంకో నిబంధన తెస్తే, 2021 జనవరిలో అప్పీళ్ల కోర్టు ఆ రెండోదాన్నీ కొట్టేసింది. చివరికి 2022 జూన్ 30న వెస్ట్ వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు అసలు విషయం తేల్చింది: బొగ్గు నుంచి వేరే ఇంధనాలకు కరెంటు ఉత్పత్తిని మళ్లించేంత అధికారం కాంగ్రెస్ ఈపీఏకి స్పష్టంగా ఇవ్వలేదని. ఇంత నలిగిన ప్లాన్ ఒక్కరోజు కూడా అమలు కాలేదు. తమాషా ఏమిటంటే, 2030 నాటికి ఉద్గారాలను 2005 స్థాయి కన్నా 32 శాతం తగ్గించాలన్న దాని లక్ష్యాన్ని అక్కడి విద్యుత్ రంగం గడువుకు చాలా ముందే అందుకుంది. ఆ పని చేయించింది మార్కెట్టే. ఆ తీర్పుతో విభేదించిన జస్టిస్ కేగన్ ఈ సంగతే ఎత్తిచూపారు. అందుకే ‘ఫలితం’ గడిని చట్టం పక్కన ఉంచకుండా వేరే షీటుకు పంపేశాను. రెండూ పక్కపక్కన ఉంటే, ఇది చేసినందుకే అది జరిగిందని కళ్లు వాటంతటవే ముడిపెట్టేస్తాయి.

తేదీలకు ఒక గడి చాలదు. నాలుగు పెట్టాను: ఆమోదం, గెజిట్, అమలు, మొదటిసారి డబ్బు కట్టాల్సిన రోజు. నాలుగోది ఎంత దూరంలో ఉంటుందో చూడాలంటే ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన సుంకం (దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కర్బనానికి వసూలు చేసేది) చాలు. 2023 మేలో ఆమోదం. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి లెక్కలు చూపడం మాత్రమే. 2026 జనవరి 1 నుంచి దిగుమతుల మీద బాధ్యత మొదలు. 2025లో చేసిన సవరణ ప్రకారం ఆ సుంకం కింద దిగుమతిదారులు కొనాల్సిన సర్టిఫికెట్ల అమ్మకం 2027 ఫిబ్రవరి నుంచి. ఆ సవరణలోనే ఏడాదికి 50 టన్నుల లోపు సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువులు తెచ్చుకునే చిన్న దిగుమతిదారులను వదిలేశారు. పేపర్లలో పెద్ద అక్షరాలు పడ్డది మొదటి తేదీకి, వ్యాపారికి నిద్ర పట్టనిది నాలుగో తేదీకి.

‘పత్రం రకం’ అనే గడి ఇంగ్లండ్ వల్ల పుట్టింది. అక్కడ నేలమీద గాలిమరలను ఏళ్ల తరబడి ఆపింది చట్టం కాదు. 2015లో ఒక మంత్రి చేసిన ప్రకటన, తర్వాత జాతీయ ప్రణాళికా విధాన పత్రంలో దానికి రూపమైన ఫుట్‌నోట్లు. స్థలం స్థానిక ప్రణాళికలో ముందే గుర్తించినదై ఉండాలి, స్థానికుల అభ్యంతరాలు తీరి ఉండాలి. ఇంతే షరతు. కొత్త ప్రాజెక్టులు దాదాపు నిలిచిపోయాయి. 2023లో కాస్త సడలించారు. 2024 జూలైలో కొత్త ప్రభుత్వం రాగానే 57, 58 నంబరు ఫుట్‌నోట్లను ఎత్తేసింది. అప్పటి నుంచి ఏ పీడీఎఫ్ తెరిచినా ముందు అడుగు భాగమే చదువుతున్నాను.

ఇంకో కొత్త గడి పేరు ‘తోక’. చట్టమో ఒప్పందమో చచ్చాక కూడా ఆడేది. ఇంధన రంగంలో విదేశీ పెట్టుబడులకు రక్షణ ఇచ్చే అంతర్జాతీయ ఒప్పందం ఇంధన చార్టర్. దాన్నుంచి తప్పుకున్న దేశాన్ని, అప్పటికే పెట్టుబడి పెట్టినవారి విషయంలో ఆ ఒప్పందం మరో 20 ఏళ్లు పట్టి ఉంచుతుంది. ఇటలీ 2016 మొదట్లో బయటికొచ్చింది. తీరానికి దగ్గర్లో చమురు తవ్వకానికి ఒప్పుకోనందుకు రాక్‌హాపర్ అనే కంపెనీ 2017లో దాని మీద కేసు నడిపింది. 2022లో సుమారు 19 కోట్ల యూరోల పరిహారం, పైన వడ్డీ గెలిచింది. 2025లో ఆ మధ్యవర్తిత్వ తీర్పు రద్దయింది. ఐరోపా సమాఖ్య తప్పుకోవడం కూడా 2025 జూన్ 28న అమల్లోకి వచ్చింది. దాని తోక గడిలో 2045 అని రాశాను. ఎండ కరెంటుకు ఇస్తామన్న రేట్లను మధ్యలో కోసినందుకు స్పెయిన్ మీద పడ్డ కేసులు కూడా ఈ ఒప్పందం కిందివే. వాటికి వేరే షీటు కావాలి, ఇంకా మొదలుపెట్టలేదు.

తీర్పుల షీటులో భారత్ వరుస ఒకటి ఇబ్బంది పెట్టింది. బట్టమేక పిట్టలు తీగలకు తగిలి చనిపోతున్నాయని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో రాజస్థాన్, గుజరాత్‌లలో విద్యుత్ లైన్లను భూమిలోపల వేయమంది. అవే ఎండ, గాలి కరెంటు ప్రాజెక్టులు కిక్కిరిసిన ప్రాంతాలు. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీని వేసింది. అదే తీర్పులో వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద హక్కని చెప్పింది. పిట్టకు మేలా, సోలార్‌కు మేలా అని రంగులు వేయబోతే ఈ వరుస ఏ రంగుకూ లొంగలేదు. రంగులు మానేశాను.

ఇలాంటి పని మొదలుపెట్టేవారికి పనికొచ్చేవి రెండు. ఐరోపా పత్రాలకు సెలెక్స్ నంబరునే (సమాఖ్య చట్టాల సైటులో ప్రతి పత్రానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఫైలు పేరుగా పెట్టుకోండి. పునరుత్పాదక ఇంధన వాటా లక్ష్యాన్ని 2030కి 42.5 శాతానికి పెంచిన ఆదేశం 32023ఎల్2413. మొదటి 3 అంటే చట్టం, తర్వాత ఏడాది, ‘ఎల్’ అంటే డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సింది), ‘ఆర్’ అయితే రెగ్యులేషన్ (నేరుగా వర్తించేది). 0తో మొదలైతే సవరణలన్నీ కలిపి అచ్చువేసిన ప్రతి. చదవడానికి హాయి, కానీ చట్టపరంగా చెల్లేది అది కాదు. రెండోది, ‘షల్’ (చేయాలి), ‘మే’ (చేయవచ్చు) అనే ఇంగ్లిష్ మాటలను విడివిడిగా వెతికి లెక్కపెట్టండి. తప్పనిసరి ఎంతో, ప్రభుత్వం ఇష్టానికి వదిలింది ఎంతో పది నిమిషాల్లో ఒక అంచనా వస్తుంది.

తర్వాతి పని శుద్ధ ఇంధనానికి పన్ను రాయితీలిచ్చిన అమెరికా 2022 చట్టం (ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్). 2025 జూలై 4న వచ్చిన కొత్త చట్టం తర్వాత అది ఒక వరుసలో ఇమడదు. రాయితీ దక్కాలంటే గాలి, ఎండ ప్రాజెక్టులు 2026 జూలై 4లోపు నిర్మాణం మొదలుపెట్టాలి, లేదంటే 2027 చివరికల్లా నడవాలి. బ్యాటరీలకు, భూగర్భ వేడితో తీసే కరెంటుకు, అణువిద్యుత్తుకు గడువులు ఇంకా దూరం. ఇళ్ల మీది సోలార్‌కు రాయితీ 2025తోనే ఆఖరు. ముందు దీన్ని టెక్నాలజీ వారీగా విడగొట్టి, ‘నిర్మాణం మొదలు’ అంటే ఏ పని జరగాలో అక్కడి ఖజానా శాఖ ఇచ్చిన మార్గదర్శకాలను ఎక్కించాలి.