ఎనిమిది చెరువులు, ఒకే లాగ్ ఫైలు: సీ ప్రోగ్రాంలో స్ట్రీమ్ లాకింగ్‌తో నా అనుభవం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, తెల్లవారుజామునే బాగా పడిపోతుంది. ఎనిమిది చెరువుల సెన్సర్లను ముప్ఫై సెకన్లకోసారి చదివి ఒకే ఫైల్లో రాసేలా సీలో ప్రోగ్రాం రాశాను. చెరువుకో సీరియల్ లైను, చెరువుకో థ్రెడ్ (ప్రోగ్రాంలో మిగతావాటితో పాటే నడిచే పని). ఆ ఫైలు చదివి, డీఓ 3 కంటే తగ్గిన చెరువుకి ఏరియేటర్లు (నీళ్లకి గాలి పట్టించే యంత్రాలు) వెయ్యమని ఇంకో ప్రోగ్రాం చెబుతుంది. రెండు చెరువులతో ఏ ఇబ్బందీ లేదు. ఎనిమిదీ కలిపాక లాగ్‌లో ఇలాంటి వరస కనబడింది:

04:10:30 చెరువు 3 డీఓ 04:10:30 చెరువు 5 డీఓ 3.1 2.8

ఏరియేటర్లు మూడో చెరువుకి వెయ్యాలా, అయిదో చెరువుకా? ఈ వరస చూసి ఎవరూ చెప్పలేరు.

ఫైల్లో రాసే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ థ్రెడ్ సేఫ్, అంటే ఎన్ని థ్రెడ్లు ఒకేసారి పిలిచినా ఏదీ పాడవదు, అంటారు. నిజమే. ప్రతి ఫైల్ స్ట్రీమ్‌కీ (తెరిచిన ఫైలుకి రాసే దారికి) లోపల ఒక లాక్, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం, ఉంటుంది, ఒక్కో స్టాండర్డ్ ఐఓ కాల్ మొదట్లో దాన్ని తీసుకుని చివర వదిలేస్తుంది. బఫర్ (రాసింది ఫైలుకి వెళ్లేముందు ఆగే చోటు) పాడవదు, ఒక కాల్ రాసిన అక్షరాల మధ్యలో ఇంకో కాల్ దూరదు. కానీ నేను ఒక వరసని మూడు కాల్స్‌తో రాశాను: సమయం, చెరువు నంబరు కలిపి ఒకటి, విలువ ఒకటి, చివర కొత్త లైను ఒకటి. కాల్‌కీ కాల్‌కీ మధ్య లాక్ ఖాళీగా ఉంటుంది. పైగా ఎనిమిది థ్రెడ్లూ సరిగ్గా ముప్ఫై సెకన్ల గీత మీదే లేస్తాయి కాబట్టి ఢీకొనడం రోజువారీ సంగతి.

వరస మొత్తం ఒకే ఫార్మాట్‌లో పడితే ఒకే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ చాలు, లాక్ గురించి ఆలోచించనక్కర్లేదు. మా దగ్గర కొన్ని చెరువులకి పీహెచ్, కొన్నిటికి ఉప్పదనం సెన్సర్లు కూడా ఉన్నాయి, కాబట్టి వరసని లూప్‌లోనే కట్టాలి. అలాంటప్పుడు ముందు ఫ్లాక్‌ఫైల్ పిలిచి లాక్ తీసుకుని, కావలసినన్ని కాల్స్ రాసుకుని, చివర ఫన్‌లాక్‌ఫైల్ పిలిచి వదలాలి. లోపలి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ మళ్లీ అదే లాక్ అడిగినా ఆగిపోదు. ఈ లాక్‌కి లెక్క ఉంటుంది: యజమాని థ్రెడ్ అడిగినప్పుడల్లా లెక్క ఒకటి పెరుగుతుంది, వదిలినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నాకి వచ్చాకే ఇంకొకరికి దారి. మన కాలువల లాకుల్లో నీటి మట్టం సమం అయ్యేదాకా తలుపులు తెరవనట్టే.

ఆ లెక్కే తర్వాత నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. సెన్సర్ విలువ తప్పుగా వస్తే ఫంక్షన్ మధ్యలోనే రిటర్న్ అయ్యేలా రాశాను, అక్కడ ఫన్‌లాక్‌ఫైల్ లేదు. ప్రోగ్రాం ఆగిపోతే వెంటనే తెలిసేది. ఆగలేదు. లాక్ ఆరో చెరువు థ్రెడ్ దగ్గరే ఉండిపోయింది. దానికి లాక్ సొంతం కాబట్టి హాయిగా రాసుకుంటూ పోయింది, మిగతా ఏడూ మౌనం. లాగ్ పెరుగుతూనే ఉంది, చూస్తే అన్నీ ఆరో చెరువు వరసలే. మీ లాగ్‌లో ఒకే థ్రెడ్ మాట్లాడుతూ మిగతావి ఒక్కసారిగా నోరు మూసుకుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. నడుస్తున్న ప్రోగ్రాంకి జీడీబీ అనే డీబగ్గర్ తగిలించి, ప్రతి థ్రెడ్ ఏ ఫంక్షన్‌లో ఉందో చూపే బ్యాక్‌ట్రేస్ తీస్తే ఏడు థ్రెడ్లూ లాక్ కోసం ఎదురుచూస్తూ కనబడ్డాయి. తప్పు వచ్చినా రాకపోయినా గోటూతో ఒకే చివరికి వచ్చి, అక్కడ ఒక్కచోటే వదిలేలా మార్చాను. బయటి నుంచి పీథ్రెడ్ క్యాన్సిల్‌తో థ్రెడ్‌ని చంపినా ఇదే గతి, ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ దగ్గరే రద్దు జరగొచ్చు. రద్దయ్యేటప్పుడు లాక్ వదిలే క్లీనప్ ఫంక్షన్ పెట్టుకోవచ్చు గానీ, ఆగమని చెప్పే జెండా ఒకటి పెట్టి థ్రెడ్ తనంతట తానే బయటికొచ్చేలా చెయ్యడం నాకు నమ్మకంగా అనిపించింది.

లాక్ పట్టుకుని సెన్సర్ చదవకూడదు. ఒక సెన్సర్ జవాబివ్వక టైమవుట్ అయ్యేదాకా మిగతా చెరువులన్నీ ఆగుతాయి. ఇప్పుడు ముందు చదువుతాను, ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో థ్రెడ్ సొంత బఫర్‌లో వరస మొత్తం కడతాను, తర్వాతే లాక్ తీసుకుని ఒక్క ఎఫ్‌పుట్స్, ఒక్క ఎఫ్‌ఫ్లష్, వదిలెయ్యడం. సమయం కోసం లోకల్‌టైమ్ బదులు లోకల్‌టైమ్_ఆర్ వాడాలి, మొదటిది అన్ని థ్రెడ్లకీ ఒకే చోటు చూపించే అవకాశం ఉంది.

బఫర్‌లో ఉన్నదాన్ని వెంటనే ఫైలుకి పంపే ఎఫ్‌ఫ్లష్ ఎందుకంటే, టెర్మినల్‌కి రాసేటప్పుడు మామూలుగా లైను లైనుకీ బయటికొచ్చే బఫర్, ఫైలుకి రాసేటప్పుడు నిండితేనే ఖాళీ అవుతుంది. అది వరస మధ్యలో నిండితే చదివే ప్రోగ్రాంకి సగం వరసే అందుతుంది. ఈ లాక్ మన ప్రాసెస్ లోపలికే పరిమితం, అవతలి ప్రోగ్రాంని ఆపదు. పేరు దగ్గరగా ఉందని ఫ్లాక్‌తో కలపకండి. అది ప్రాసెస్‌ల మధ్య ఫైలుకి వేసే తాళం, వేరే సంగతి.

అర్ధరాత్రి లాగ్ మార్చడానికి పాత ఫైలు మూసి కొత్తది తెరిచే చోట ఫ్లాక్‌ఫైల్ పనికిరాదు. అది స్ట్రీమ్‌ని కాపాడుతుంది గానీ స్ట్రీమ్‌ని చూపించే పాయింటర్‌ని కాదు. ఒక థ్రెడ్ లాక్ కోసం నిలబడి ఉండగా ఇంకో థ్రెడ్ ఎఫ్‌క్లోజ్ చేస్తే ఆ స్ట్రీమ్ ఉన్న మెమరీయే చేజారిపోతుంది, ఆ తర్వాత ఏం జరుగుతుందో స్టాండర్డ్ ఏ హామీ ఇవ్వదు. పాయింటర్‌కి మామూలు మ్యూటెక్స్ (థ్రెడ్ల మధ్య వేసే తాళం) ఒకటి పెట్టి, రాసేవాళ్లూ మార్చేవాళ్లూ అందరూ దాని కిందే పని చేసేలా చూశాను. అలా చేశాక ఈ ఫైలుకి ఫ్లాక్‌ఫైల్ అవసరమే తీరిపోయింది. ప్రోగ్రాం మామూలుగా తెర మీదికి రాసే ఎస్‌టీడీఔట్‌కి మాత్రం ఉంచాను.

రెండు స్ట్రీమ్‌లు ఒకేసారి పట్టుకోవాల్సి వస్తే అందరూ ఒకే క్రమంలో పట్టుకోవాలి, లేకపోతే ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఆగిపోవచ్చు. ఆగకుండా ప్రయత్నించాలంటే ఎఫ్‌ట్రైలాక్‌ఫైల్ ఉంది, దొరికితే సున్నా ఇస్తుంది. తమంతట తాము లాక్ తీసుకోని పుట్‌సీ_అన్‌లాక్డ్ లాంటివి లాక్ చేతిలో ఉన్నప్పుడే వాడాలి. సిగ్నల్ హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే ఉన్న పని మధ్యలో ఆపి నడిచే ఫంక్షన్)లో ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ అసలు వద్దు: అదే థ్రెడ్ కాబట్టి లాక్ అడ్డుపడదు, సగం మారిన బఫర్‌లోకి నేరుగా వెళ్తుంది. కంపైలర్‌కి శుద్ధ సీ99 అని చెబితే ఫ్లాక్‌ఫైల్ ఎవరో తెలియదంటుంది, ఇది యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోజిక్స్‌ది గానీ సీ భాషది కాదు. హెడర్ల కంటే ముందు పోజిక్స్ సీ సోర్స్ మాక్రోకి 200809 విలువ ఇస్తే సరిపోతుంది.

చివరి పరీక్షలో నిద్ర తీసేసి ఎనిమిది థ్రెడ్లతో తలో 10,000 వరసలు రాయించాను, టెర్మినల్‌కి కాదు, ఫైలుకి. 80,000 వరసలు ఉన్నాయా, రూపానికి సరిపడనిది ఒక్కటైనా ఉందా అని గ్రెప్‌తో లెక్కపెట్టాను. తర్వాత ఆరో సెన్సర్ వైరు చేత్తో పీకేసి, మిగతా ఏడు చెరువులూ రాస్తూనే ఉన్నాయో లేదో చూశాను.