ఉమ్మనీరు ఎక్కువైందన్నారు

రోహిణి కార్తె ఎండల్లో మా చెల్లెలు పురిటికి మా ఊరు కావలికి వచ్చింది. ఎనిమిదో నెలే అయినా పొట్ట నిండు నెలల మనిషిలా ఉండటంతో కవలలేమోనని అమ్మ మురిసిపోయింది. స్కానింగులో ఒక్క బిడ్డే కనిపించింది, ఉమ్మనీరు మాత్రం 27 సెంటీమీటర్లు ఉన్నట్లు రాశారు. గర్భసంచిని నాలుగు భాగాలుగా చూసి, ప్రతి భాగంలో అన్నిటికన్నా లోతుగా నీరు నిలిచిన చోట నిలువుగా కొలిచి కలిపిన లెక్క అది. 24, 25 దాటితే ఎక్కువ కింద లెక్క.

ఆ రాత్రి మా మేనత్త మంచం పక్కనున్న నీళ్ల చెంబు తీసేసి, "నీళ్లు తగ్గించవే, అదే తగ్గిపోద్ది" అంది. ఆ ఎండల్లో గర్భిణికి అంతకన్నా చెడ్డ సలహా ఉండదు. ఐదో నెల దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. బిడ్డ దానినే మింగుతూ, మళ్లీ విసర్జిస్తూ ఉంటుంది. అన్నవాహికో పేగో మూసుకుపోయి బిడ్డ మింగలేకపోయినా, తల్లి రక్తంలోని చక్కెర బిడ్డకు చేరి మూత్రం ఎక్కువైనా నీరు పెరుగుతుంది. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. మా చెల్లెలికి 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత చూస్తే, 140 లోపు ఉండవలసిన చక్కెర 158 ఉంది. ఉలవపాడు మామిడిపండ్ల బుట్ట ఆ రోజే పక్కింటికి వెళ్లిపోయింది.

ఆమెకు వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. అయితే డాక్టరమ్మ ఎక్కువగా హెచ్చరించినది మరొకదాని గురించి: నీటిలో తేలే బిడ్డ తల కిందకు కుదురుకోదు కనుక, ఉమ్మనీరు ఒక్కసారిగా పోతే బొడ్డుతాడు ముందుగా జారి నలిగి, బిడ్డకు రక్తం అందకుండా పోవచ్చు. గర్భసంచి సాగిపోవడం వల్ల నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు, కాన్పు తరువాత అది సరిగా ముడుచుకోక రక్తస్రావమూ కావచ్చు. అందుకే రక్తం సిద్ధంగా దొరికే ఆసుపత్రిలోనే కాన్పు జరగాలన్నారు.

అన్నం కొలిచి తింటూ, వారం వారం స్కానింగు చేయించుకుంటూ 38వ వారం దాకా నెట్టుకొచ్చాము. ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ సన్నటి గొట్టాన్ని పాప నోటిగుండా కడుపులోకి పంపి, దారి తెరిచే ఉందని చూసుకున్నాకే తల్లి పాలకు అందించింది.